చెరోకీల అక్షరాలు

లిపి లేనివాళ్లకు చరిత్ర ఎక్కడిదన్న మాట వింటూ పెరిగాం. అందుకే అమెరికాలోని చెరోకీల కథ మాకు దగ్గరగా తోస్తుంది. ఇంగ్లీషు చదవడం రాని సెక్వోయా, వెండిపని చేసే మనిషి, 1821 నాటికి తన భాషకు సొంతంగా లిపి కట్టాడు. మన గుణింతంలాగే పలుకుకో గుర్తు. 1828లో 'చెరోకీ ఫీనిక్స్' పత్రిక వచ్చింది. చెరోకీల నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని 1832లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టాలు మాకూ ఉన్నాయి లెండి! ముఖ్యనాయకుడు జాన్ రాస్ ఒప్పుకోకపోయినా, 1835లో కొద్దిమంది సంతకాలతో భూమి రాయించుకున్నారు. ఆ ఏడాదే అచ్చుయంత్రాన్నీ ఎత్తుకెళ్లారు. 1838లో సైన్యం జనాన్ని ఇళ్లలోంచి పడమటికి తరిమింది. శిబిరాల్లో, దారిలో సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. మిగిలినవాళ్లు ఇప్పటి ఓక్లహోమా చేరి, 1844లో అవే అక్షరాలతో మళ్లీ పత్రిక పెట్టారు.