పొగ రంగూ, గంధకం లెక్కా

లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చికి ఎదురుగా, థేమ్స్ నదికి ఇవతలి ఒడ్డున, బ్యాంక్‌సైడ్ విద్యుత్కేంద్రాన్ని కట్టడానికి 1947లో లేబరు ప్రభుత్వం అనుమతించింది. 1952 నుంచి అక్కడ బొగ్గు కాదు, ఫర్నేస్ ఆయిల్ కాల్చారు. చర్చి గుమ్మటం ఎత్తు 111 మీటర్లు. పొగగొట్టాన్ని అంతకు మించనివ్వక 99 మీటర్లకే ఆపారు. దేవుడి పరువు దక్కింది. మరి కింద బతికే మనిషి ఊపిరి మాటేమిటి? అందుకని పొగను థేమ్స్ నీటితో కడిగి వదిలారు. కడిగిన పొగ చల్లబడి దగ్గరలోనే దిగేది. కడిగిన నీరు నదిలోకి పోయేది.

కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి కనుక నాకు ఆ కట్టడం కంటె దాని కొలత మీదే ఆసక్తి.

1952 డిసెంబరు పొగమంచులో నాలుగువేల మంది చనిపోయారని అప్పటి లెక్క. పన్నెండు వేలని తర్వాతి పరిశోధకుల అంచనా. దానికి ముఖ్య కారణం బొగ్గు పొగ. ఆ చావుల ఫలితమే 1956 నాటి స్వచ్ఛవాయు చట్టం. ఆ చట్టం చూసింది పొగ నలుపును. తెలుపు నుంచి నలుపు దాకా ఛాయలున్న రింగెల్మన్ అట్టను చేతబట్టుకుని, గొట్టం కేసి చూసి పోల్చడం — అదీ పరీక్ష! కాని సల్ఫర్ డయాక్సైడుకు రంగు లేదు. నూనెలో నూటికి మూడు పాళ్ళు గంధకం ఉంటే, వంద టన్నులు కాల్చినప్పుడు ఆరు టన్నుల వాయువు పుట్టి తీరుతుంది. దీనికి పరికరమెందుకు? నూనె కొన్న బిల్లు చాలు.

1961లో మొదలైన జాతీయ సర్వేలో గాలిని వడపోత కాగితం గుండా లాగి, హైడ్రోజన్ పెరాక్సైడులో బుడగలు కట్టించి, అందులో ఏర్పడిన గంధకికామ్లాన్ని టైట్రేషన్ చేసేవారు. మా విద్యార్థులు చేసే ప్రయోగమే. పద్ధతిలో తప్పు లేదు. ఆ సీసాలు మాత్రం ఎక్కువగా పట్టణాల్లో, నేల మీద ఉండేవి. తర్వాత ఫాలీలో నూనె కేంద్రానికి 198 మీటర్ల గొట్టం కట్టారు. అంత ఎత్తు గొట్టం కింద నిలబడి కొలిస్తే అంకె చిన్నదిగానే వస్తుంది!

ఇక్కడ మనవాళ్ళం ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ గొట్టాలు ఏ పెట్టుబడిదారువీ కావు; 1948లోనే విద్యుత్తు జాతీయమయింది. అయినా కొలత మాత్రం "మన గొట్టం కింద ఎంత?" అన్న ప్రశ్న దగ్గరే ఆగింది.

జవాబు స్వీడన్ వాననీటిలో దొరికింది. బ్రిటన్, మధ్య యూరపుల గంధకమే తమ వానల్లో ఆమ్లంగా పడుతోందని స్వాంటె ఓడేన్ 1967లో ఒక దినపత్రికలో రాశాడు. 1979లో గానీ జెనీవా ఒడంబడిక కుదరలేదు.

నూనె ధర పెరిగి బ్యాంక్‌సైడ్ 1981లో మూతబడింది. 2000 నుంచి అది చిత్రశాల. భూగర్భంలోని నూనె ట్యాంకుల్లో ఇప్పుడు కళా ప్రదర్శనలు జరుగుతున్నాయి.