రెండు విధముల భాండాగారములు

1914వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీని ఆంధ్రదేశమందలి గ్రంథాలయముల ప్రతినిధులు బెజవాడలో సభచేసి ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘమును నెలకొల్పిరి. ఆ సభకు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షత వహించిరి. అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికి ప్రాణమువంటివారు. భరతఖండమున నిట్టి సంఘములలో నిదియే మొదటిదని గ్రంథాలయచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. తరువాత నిరువదియొక్క సంవత్సరములకు, 1935లో, పాతూరి నాగభూషణముగారు పెదపాలెము ప్రాంతమున కాలువలమీద పడవలో పుస్తకముల నుంచి యూరూరికిని పంపు నేర్పాటు చేసిరి. 1855లో పూర్తియైన కృష్ణ ఆనకట్టనుండి పాఱు కాలువలు పొలములకు నీటి నిచ్చుటయే కాక యీవిధముగా నక్షరమును గూడ మోసినవి.

ఆ సంగతి నిప్పుడు తలచుకొనుటకు కారణ మొకటి కలదు. మన యిండ్లలోని పిల్లలు కంప్యూటరు పనినిగూర్చి మాటలాడునపుడు ‘లైబ్రరీ’ యను మాటను దినమునకు పదిమాఱులైనను పలుకుచుందురు. ఆ మాటకును పుస్తకముల బీరువాలకును సంబంధ మేమని పెద్దలడిగినచో వారు నవ్వి యూరకుందురు. సంబంధము కలదు, అది పేరుతో ముగియునది గాదు. దాని చరిత్రమును, అందు తెలుగువారికి కలిగిన లాభనష్టములను మాకు తెలిసినంతవఱకు వ్రాయుచున్నాము.

కంప్యూటరుచేత పని చేయించుటకు వ్రాయు నాజ్ఞలపంక్తి ప్రోగ్రాము. ఒకడు వడ్డీలెక్కకు ప్రోగ్రాము వ్రాయును. వేఱొకడు ఓటర్లపట్టికకు వ్రాయును. ఇద్దఱికిని పేళ్లను అకారాదిగా నమర్చుట కావలెను. ఆ యమరికను ఇద్దఱును మొదటినుండి వ్రాయుట వృథా. మన పల్లెలలో పెండ్లివారు గుండిగలను, గంగాళములను కొనరు. ఊరుమ్మడివి తెచ్చుకొని, తోమి, మరల నప్పగింతురు. అట్లే, తఱచుగా నక్కఱపడు పనులకు ఒకమాఱు జాగ్రత్తగా వ్రాసి యుంచిన యాజ్ఞలసముదాయమునకే లైబ్రరీ యని పేరు. అయితే గుండిగ యొకరి యింట నున్నపుడు రెండవవారికి దొరకదు. ఈ లైబ్రరీని లక్షమంది యొకేదినమున తీసికొనినను మూలప్రతికి కొఱత కలుగదు.

ఈ పేరు ఉపమానముగా పుట్టినది కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున 1949లో ‘ఎడ్సాక్’ అను యంత్రము పని కారంభించినది. దానికి ఆజ్ఞలను కాగితపుటేపుపై రంధ్రములుగా పొడిచి యందించెడివారు. డేవిడ్ వీలర్ మున్నగువారు వర్గమూలమును కనుగొనుట, సంఖ్యలను అచ్చువేయుట వంటి చిన్నపనులకు వేఱువేఱు టేపులు తయారుచేసి బీరువాలో వరుసగా నుంచిరి. కావలసినవాడు ఆ టేపును తీసి తన టేపులోనికి నకలు చేసికొని, మరల యథాస్థానమున నుంచవలెను. 1951లో విల్క్స్, వీలర్, గిల్ అను మువ్వురు ఈ పద్ధతిని వివరించుచు గ్రంథము ప్రకటించిరి. కాబట్టి యంత్రలోకమున మొదటి లైబ్రరీ నిజముగా బీరువాయే.

కొంతకాలమునకు ప్రోగ్రాములు సరకులైనవి. సరకైన పిదప తాళములు వచ్చుట సహజము. యంత్రము చదువు రూపమును మాత్రము అమ్మి, మనుష్యుడు చదువదగిన మూలపాఠమును దాచుట యాచారమయ్యెను. తప్పు కనబడినను కొన్నవాడు దిద్దుకొనలేడు. దీనిపై 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ అను ప్రయత్నమును ప్రకటించెను. 1989లో వెలువడిన జి.పి.ఎల్. అను లైసెన్సు సారాంశమిది: చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును, కాని మార్చి పంచినపుడు ఆ హక్కులను పుచ్చుకొనువారికిని ఇచ్చితీరవలెను. లైబ్రరీలకొఱకు ప్రత్యేకముగా మఱియొక లైసెన్సు 1991లో వచ్చినది. దాని పేరులోనే లైబ్రరీ యను మాట యుండెడిది, 1999లో మార్చిరి. ‘ఓపెన్ సోర్స్’ అను పేరు 1998లో పుట్టినది. ఈ రెండు పేళ్లవారికిని కొన్ని తగవులు కలవు. గృహస్థులకు వానితో పనిలేదు.

ఇక తెలుగు సంగతి. విజయవాడ తెలుగు పుస్తకముల యచ్చునకు ముఖ్యస్థానము. సీసపుటక్షరములు పోయి కంప్యూటరుపై అక్షరములు కూర్చు పద్ధతి వచ్చినపుడు, ఆ యక్షరముల నమ్మిన కంపెనీలు తలకొక సంకేతము నేర్పఱచుకొన్నవి. రోమను అక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను కూర్చిరి. ఒకరు తలకట్టు నుంచినచోట వేఱొకరు కొమ్ము నుంచిరి. కాగితముపై అచ్చు చక్కగా వచ్చినందున ఇందలి దోష మెవరికిని తోచలేదు. మా మిత్రు డొకరు తాము ఇరువది యేండ్లక్రిందట అచ్చువేయించిన పుస్తకపు ఫైలును మాకు పంపిరి. ఆ ఫాంటు మాయొద్ద లేదు. తెఱచి చూడగా పుటనిండ రోమను అక్షరములు, డాలరు గుర్తులు, ప్రశ్నార్థకములు! పుస్తకము చెడిపోలేదు, పురుగు తినలేదు, అయినను చదువరాదు. తాటియాకు శిథిలమైనచో కొన్ని పంక్తులైనను మిగులును.

1991లో వెలువడిన యూనికోడ్ ప్రపంచలిపులన్నిటికి నొకే సంకేతక్రమము నిచ్చి, తెలుగునకు 128 స్థానములను కేటాయించినది. స్థానము లున్నంతమాత్రమున పని జరుగదు గదా. పాతసంకేతములనుండి దీనిలోనికి మార్చువారును, రోమను మీటలతో తెలుగు వ్రాయించువారును కావలసియుండిరి. వెన్న నాగార్జునగారు ‘పద్మ’ అను పరికరమును వ్రాసిరి. ఈనాడు, వార్త వంటి పత్రికలు తమతమ ఫాంటులతో జాలమున ప్రకటించిన పుటలను అది యూనికోడులోనికి మార్చి చూపెడిది. వారు దానిని జి.పి.ఎల్. క్రింద విడుదలచేసిరి. తెలుగు వికీపీడియాను 2003లో ప్రారంభించినవారును వారే. పిదప 2006 ప్రాంతమున ‘వీవెన్’ అను పేరున ప్రసిద్ధులైనవారు ‘లేఖిని’ని కూర్చిరి. రోమనులో ‘అమ్మ’ యని కొట్టినచో తెలుగున ‘అమ్మ’ యగును. రోమనును తెలుగుగా మార్చు యంత్రాంగమును వా రక్షరాక్షరము క్రొత్తగా వ్రాయలేదు. పద్మలోని కోడునే గ్రహించిరి. ఆ రోమను వ్రాత పద్ధతి యైన ఆర్.టి.ఎస్. సైతము అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొన్న తెలుగువారు అంతకుముందే రూపొందించినది. ఒకరి మెట్టుపై నొకరు నిలిచిన యీ వరుసలో నెవరును ఎవరి యనుమతికొఱకును వాకిట నిలువవలసిన పని లేకపోయెను. ఇంటింట తెలుగు బ్లాగులు వ్రాసిన స్త్రీలలోను, ఉద్యోగము విరమించిన పెద్దలలోను లేఖినితో నారంభించినవారు పలువురు. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన అను ఫాంటులను ఇట్లే అందఱికి వదలిరి.

అక్షరములను తెఱపై కూర్చు పని మఱింత సూక్ష్మమైనది. ‘జ్ఞా’ యను నక్షరమును చూడుడు. యంత్రములో నిది నాలుగు సంఖ్యలు: జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము. పలుకుటలో దీర్ఘము ఞకారము తరువాతిది. వ్రాతలో నది జకారమునకు తగులును, ఞకారము క్రిందికి దిగును. ఈ వ్యాకరణమునంతయు నెఱిగి సంఖ్యలను ఆకృతులుగా మార్చు లైబ్రరీ ‘హార్ఫ్‌బజ్’. పేరు పారసీకపు మాటలతో కట్టినది. ‘హర్ఫ్’ అనగా అక్షరము, ‘బాజ్’ అనగా తెఱచినది. బెహ్దాద్ ఎస్ఫహ్బోద్ అను ఇరానుదేశీయుడు దాని ముఖ్యనిర్మాత. ఆండ్రాయిడ్ ఫోనులును, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీసులును దానినే వాడుచున్నవి. కృష్ణలంకలో నొక తల్లి బిడ్డకు తెలుగున పంపు సందేశము తెఱపై సరిగా కనబడుటకు, తెలుగు మాతృభాష కాని యొకని శ్రద్ధ కారణ మగుచున్నది.

మూసిన భాండాగారమున నేమి జరుగునో 2018 ఫిబ్రవరిలో లోకము చూచినది. ఆపిల్ సంస్థవారి ఫోనులకు ఒక తెలుగు అక్షరము వచ్చినంతనే సందేశములు చదువు ప్రోగ్రాములు కూలిపోయెను. ఆ యక్షరము ‘జ్ఞా’యే, జ్ఞానమను మాటకు మొదటిది! పత్రికలవారు తెలుగక్షరము ఫోనులను చంపుచున్నదని వ్రాసి వినోదించిరి. నిజమునకు మామూలు ‘జ్ఞా’ నిర్దోషి. ఞకారమునకును దీర్ఘమునకును నడుమ కంటికి కనబడని యొక విభాజకచిహ్న మున్నపుడే యా యాపద కలిగినది. బంగాళీ, దేవనాగరి లిపులలోను ఇటువంటి కూర్పులే దోషమును బయల్పఱచినవి. అక్షరములను కూర్చు ఆ సంస్థవారి లైబ్రరీ మూలపాఠము మూసియున్నందున, కుతూహలపరులు బయటనుండి తట్టి తట్టి కారణము నూహింపవలసివచ్చెను. 19వ తేదీని సంస్థవారే దిద్దుబాటు విడిచిరి. అంతవఱకు ఆ ఫోనులను కొన్నవారందఱును వేచియుండవలసినదే.

తలుపు తెఱచియున్నచో లోపల నెవడో కావలియున్నాడని తలచుట మఱియొక భ్రమ. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను లైబ్రరీ లోకములోని బ్యాంకుల, దుకాణముల రహస్యములను కాపాడునది. 2012లో విడుదలైన రూపమున దూరిన తప్పు 2014 ఏప్రిలులో ‘హార్ట్‌బ్లీడ్’ అను పేరున బయటపడునప్పటికి రెండేండ్లు గడచెను. మూలపాఠము అందఱి యెదుట నున్నది, చదివినవారు లేరు. దానిని నడపువారికి అంతకుముందు వచ్చుచుండిన చందాలు సంవత్సరమునకు సుమారు 2000 డాలర్లు! 2016 మార్చిలో మఱియొక వింత జరిగినది. పదునొకండు పంక్తుల చిన్న లైబ్రరీ నొకదానిని దాని కర్త కోపించి తొలగింపగా, దానిపై నాధారపడిన పెక్కు పెద్దపనులు కొన్ని గంటలసేపు నిలిచిపోయెను.

ఇందు మనవారి విషయమై మాకు కొంత వ్యథ కలదు. కృష్ణా గుంటూరు జిల్లాలలో ఇంజనీరింగు కళాశాలలు లేని దిక్కు లేదు. అందు చదివినవారు అమెరికావఱకు వ్యాపించి, ఈ లైబ్రరీలనే యన్నముగా భుజించుచున్నారు. వారిలో నొక తప్పును దిద్ది పంపినవారెందఱు? తెలుగున నొక్క వివరణపత్రము వ్రాసినవారెందఱు? వాడుకొనుటయే నేర్పు బోధనయందు దోషము కలదు. ప్రాజెక్టును బజారులో కొని కళాశాలకు సమర్పించు విద్యార్థికి లైబ్రరీ యనగా ఊరక దొరకిన వస్తువు మాత్రమే. దానికి పేరుగల కర్త యున్నాడనియు, లైసెన్సు షరతు లున్నవనియు వాని కెవరును చెప్పలేదు. ఊరుమ్మడి గుండిగను తోమక యప్పగించిన యింటివారిని మన యమ్మలక్క లేమందురో చదువరులకు తెలియును.

పద్మ విషయమే చూతము. అది ఫైర్‌ఫాక్సునకు తగిలించు పాతరకపు పొడిగింపుగా నుండెడిది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్సువారు ఆ పాతపద్ధతి నెత్తివేసిరి. క్రొత్తపద్ధతికి మార్చి వ్రాయని పొడిగింపులన్నియు నాగిపోయినవి. పద్మలోని సంకేతపట్టికలుమాత్రము పోలేదు. మూలపాఠము తెఱచియున్నందున నేడును వానిని తీసికొని మఱియొక పరికరమున కూర్పవచ్చును. పట్టిక లేని ఫాంటులు ఇంకను కలవు. ఒక్కొక్కదానికి ఏ స్థానమున ఏ ముక్క యున్నదో వరుసగా వ్రాయవలెను. ఈ పనికి పాండిత్యముకంటె నోర్పు ముఖ్యము. విజయవాడ ముద్రణాలయములలో ఆ ఫాంటులతో ముప్పదియేండ్లు అక్షరములు కూర్చినవారికి ఆ స్థానములు వ్రేళ్లకే తెలియును. వారియొద్ద నొక విద్యార్థి కూర్చుండి అడిగి వ్రాసికొనినచో ఒక ఫాంటునకు కొన్ని సాయంకాలములు చాలును. మిత్రునియొద్దనుండి వచ్చిన ఫైలును మేము తొలగింపక యుంచుకొన్నాము. ఆ ఫాంటును వాడిన యొక పెద్దమనిషి గవర్నరుపేటలో నున్నారని విని, వచ్చు ఆదివారము ఆ పుస్తకపు అచ్చుప్రతిని చేతబట్టుకొని వారియొద్దకు వెళ్లుచున్నాము.