రాయచూరు కోట గోడలో తెలుగు రాత

మా యరగేర నుంచి రాయచూరు సుమారు 20 కిలోమీటర్లు. ఆసుపత్రికి, కోర్టుకి, రైలుకి, పెళ్ళి బట్టలకి అందరం అక్కడికే పోతాం. ఊరి మధ్యలో ఉన్న కోటని మాత్రం నిలబడి చూసేది తక్కువ. మా ఇంట్లో రెండు తరాలుగా చదువు కన్నడ మీడియంలోనే. అందుకే పిల్లలు అడుగుతుంటారు, "మనం తెలుగువాళ్ళం కదా, కర్ణాటకలో ఎందుకున్నాం?" అని. మా కుటుంబం కథ చెప్పేముందు వాళ్ళకి ఆ కోట కథ చెప్పాలి.

పైన కృష్ణ, కింద తుంగభద్ర, మధ్యలో మన నేల. దీన్నే రాయచూరు దోఆబ్ అంటారు. రెండు నదుల మధ్య పంట భూమి, దానికి కాపలాగా ఒక గుట్ట. అది ఎవరి చేతిలో ఉంటే ఈ సీమంతా వాళ్ళదే. అందుకే రాజులు దీనికోసం వందల ఏళ్ళు కొట్టుకున్నారు.

కోట పడమటి గోడలో 41 అడుగులకు పైగా పొడవున్న ఒకే రాయి ఉంది. దాని మీద 1294 నాటి తెలుగు శాసనం. కాకతీయుల సేనాని విఠలనాథుడు ఆదవాని లాంటి కోటలు గెలిచి, ఇక్కడి జనం రక్షణకి ఈ గోడ కట్టించినట్టు అందులో ఉంది. రుద్రమదేవి కట్టించిందని చాలామంది అంటారు గానీ, 1294 అంటే ప్రతాపరుద్రుడి కాలం. అంత పెద్ద రాయిని ఎట్లా తెచ్చారో కూడా పక్కన బొమ్మ చెక్కారు. వరసగా కట్టిన దున్నపోతులు, గట్టి చక్రాల బండి, వాటిని అదిలించే మనుషులు, వెనక నుంచి మీటలేసి చక్రాలు తోసేవాళ్ళు. రాజు పేరుతో పాటు కూలివాళ్ళ కష్టమూ గోడకెక్కింది అన్నమాట. అప్పటికి తెలుగు, కన్నడ లిపులు పూర్తిగా విడిపోలేదు. కన్నడ అక్షరాలు నేర్చిన మాకు కొన్ని అక్షరాలు తెలిసినవాళ్ళలాగే కనిపిస్తాయి.

తర్వాత బహమనీలు వచ్చారు. 1513లో కట్టిన ఏక్ మినార్ మసీదు వాళ్ళ కాలందే. ఒకటే మినార్, ఎత్తు సుమారు 65 అడుగులు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బీజాపూర్ ఇస్మాయిల్ ఆదిల్‌షాని ఓడించి కోట పట్టుకున్నాడు. పోర్చుగీసు తుపాకీవాళ్ళు గోడ మీది సైనికుల్ని కాల్చుతుంటే, రాయల మనుషులు కింద రాళ్ళు పెకలించారని నూనిజ్ రాశాడు. నౌరంగీ దర్వాజా ఆ గెలుపు గుర్తే అంటారు. రాయలు పోయాక కోట మళ్ళీ బీజాపూర్‌కి, ఆపైన మొగలులకి, నిజాముకి పోయింది. 1853 నుంచి 1860 దాకా ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉంది. 1956లో జిల్లా హైదరాబాద్ రాష్ట్రం నుంచి విడిపోయి అప్పటి మైసూరు రాష్ట్రంలో కలిసింది.

తెలుగు శాసనం ఉంది గనుక ఊరు తెలుగువాళ్ళదే అంటే మేము ఒప్పుకోం. ఆ లెక్కన ఫారసీ రాతలకీ వాటా ఇవ్వాలి. తెలుగు ఇక్కడికి నిన్నమొన్న బస్సెక్కి వచ్చింది అన్నా ఒప్పుకోం. ఏడు వందల ఏళ్ళుగా అది గోడలోనే ఉంది.

ఈసారి రాయచూరు పోతే పిల్లల్ని తీసుకుపోండి. ముందు దున్నపోతుల బండి చూపించండి. అక్షరాలు వాళ్ళే అడుగుతారు.