పీఎఫ్‌ఓఏ, కాలేయ కణం

8 కార్బన్ల గొలుసుకు 15 ఫ్లోరిన్ పరమాణువులు పట్టి ఉండే కృత్రిమ ఆమ్లం పీఎఫ్‌ఓఏ. నాన్‌స్టిక్ పెనాలకు పూసే టెఫ్లాన్ తయారీలో దశాబ్దాలపాటు వాడారు. కార్బన్-ఫ్లోరిన్ బంధం ఎంత గట్టిదంటే మందులనూ మద్యాన్నీ విరిచేసే కాలేయం కూడా దాన్ని తెంచలేదు.

ఈ అణువు కొవ్వు ఆమ్లాన్ని పోలి ఉంటుంది. చిక్కంతా అక్కడే. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని కాలేయం చేరుతుంది. కణంలో కొవ్వు ఆమ్లాలను మోసే ప్రొటీనే దీన్నీ మోస్తుంది. కొవ్వుల వినియోగాన్ని నడిపే పీపీఏఆర్-ఆల్ఫా అనే గ్రాహకాన్ని ఇది తట్టి లేపుతుంది. ఎలుకల్లో దీంతో కాలేయం ఉబ్బుతుంది. మనిషి కణాల్లో ఆ స్పందన తక్కువే. అయినా నిశ్చింతగా ఉండటానికి లేదు. ప్రయోగశాలలో పెంచిన మానవ కాలేయ కణాల్లోనూ కొవ్వు, కొలెస్ట్రాల్‌కు సంబంధించిన జన్యువుల పనితీరు మారుతుంది. పైత్యరసంతో పేగులోకి జారిన పీఎఫ్‌ఓఏలో చాలా భాగం మళ్లీ కాలేయానికే వస్తుంది, మూత్రపిండాలూ వెనక్కి పీల్చుకుంటాయి. మన రక్తంలో ఇది సగానికి తగ్గడానికి సుమారు 2 నుంచి 4 ఏళ్లు పడుతుంది. ఆడ ఎలుకకు కొన్ని గంటలు చాలు.

అమెరికాలోని పశ్చిమ వర్జీనియాలో, పార్కర్స్‌బర్గ్ పరిసరాల్లో తాగునీరు దీనితో కలుషితమైంది. 2005-06లో అక్కడ సుమారు 69,000 మంది అధ్యయనంలో చేరారు. పీఎఫ్‌ఓఏ ఎక్కువగా ఉన్నవారి రక్తంలో ఏఎల్‌టీ కూడా ఎక్కువగా కనిపించింది. కాలేయ కణం దెబ్బతింటే బయటికి కారే ఎంజైము అది. పెరుగుదల స్వల్పమే. కాలేయ వ్యాధితో సంబంధం ఉందని చెప్పేందుకు ఆ ఆధారం చాలదని అధ్యయన ఫలితాలను పరిశీలించిన శాస్త్రవేత్తల బృందం తేల్చింది. చెదరక నిలిచిపోయే కాలుష్య రసాయనాలపై కుదిరిన అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం 2019లో పీఎఫ్‌ఓఏను నిర్మూలన జాబితాలో చేర్చింది.