పశువుల మేతలో సెలీనియము

అమెరికా దేశపు దక్షిణ డకోటా రాష్ట్రములో కొన్ని బీళ్ళలో మేసిన గుఱ్ఱములకు జూలు, తోక వెండ్రుకలు రాలిపోయెడివి. గిట్టలు చీలి నడక తప్పెడిది. నీటిలోని క్షారమే కారణమని తలచి రైతులు దీనికి 'క్షారరోగ'మని పేరుపెట్టిరి. 1930వ దశకమున పరిశోధకులు నేలను, గింజలను పరీక్షింపగా దోషము నీటిది కాదని తేలెను. నేలలోని సెలీనియమును మొక్కలు పీల్చుకొని గింజలలో నిలువజేయుచుండెను. 1817లో స్వీడన్ రసాయనజ్ఞుడు బెర్జీలియస్ కనుగొని, గ్రీకుల చంద్రదేవత పేరు పెట్టిన ఈ మూలకముపై ఆ విధముగా విషమను ముద్రపడెను. దీనిని తినిన ఎలుకల కాలేయములలో కంతులు పుట్టినవని 1943లో ఒక నివేదిక వెలువడుటతో ఆ ముద్ర మఱింత గట్టిపడెను.

మేతను గూర్చిన మఱియొక అన్వేషణ అప్పటికే వేఱుదారిని సాగుచుండెను. 1922లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున హెర్బర్ట్ ఈవన్స్, కాథరిన్ బిషప్ అనువారు శుద్ధిచేసిన ఆహారముతో ఎలుకలను పెంచిరి. అవి చక్కగా పెరిగెను గాని, కడుపులోని పిల్లలు పుట్టకమునుపే నశించెడివి. లెట్యూస్ ఆకు చేర్చగా ఆ లోపము తొలగెను. గోధుమ గింజలోని అంకురపు నూనె కూడ అట్లే పనిచేసెను. 1936లో అందలి పదార్థమును వేఱుచేసి టోకోఫెరాల్ అని పేరిడిరి. అదియే విటమిన్ ఇ.

దీని పని యేమి? నూనెను చాలకాలము తెఱచి యుంచినచో గాలిలోని ఆమ్లజని సోకి చెడిపోవుట అందఱెఱిగినదే. పశువు శరీరమందలి కణపు పొరలలోను అట్టి కొవ్వులున్నవి. అందు ఒక అణువు చెడినచో అది ప్రక్కదానిని చెఱచును, అది వేఱొకదానిని. విటమిన్ ఇ ఈ గొలుసును తెంపును. చేపనూనె వంటి అసంతృప్తపు కొవ్వులు మేతలో హెచ్చినకొలది ఈ విటమిన్ అవసరమును హెచ్చుట ఇందువలననే.

అయితే విటమిన్ ఇ ఒక్కటే చిక్కులన్నిటిని విప్పలేదు. క్లాస్ షువార్జ్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు అమెరికాలోని బెథెస్డాలో టొరులా యను ఒక జాతి ఈస్టుతో ఎలుకలను పోషింపగా, కాలేయము నశించి అవి చచ్చెడివి. సిస్టీన్ అను గంధకముగల అమైనో ఆమ్లము గాని, విటమిన్ ఇ గాని చేర్చినచో బ్రతికెడివి. బీరు తయారీలో వాడు ఈస్టులో ఈ రెండును గాక మఱియొక రక్షకము కనబడెను. దానిని 'మూడవ కారకము' అనిరి. దానిని శుద్ధిచేయుచుండగా వెల్లుల్లిని పోలిన వాసన యొకటి బయటపడెను. అది సెలీనియము జాడ! మూడవ కారకపు సారము ఈ విషమూలకమే యని 1957లో షువార్జ్, ఫోల్ట్జ్ అనువారు ప్రకటించిరి.

కోడిపిల్లలకు చర్మము క్రింద నీరుచేరు వ్యాధిని సెలీనియము ఆపునని అదే సంవత్సరమున తేలెను. 1958లో ఆరెగాన్ రాష్ట్రమున తల్లి గొఱ్ఱెల మేతలో కొద్దిగా చేర్చగా, పిల్లలకు కండరములు తెల్లబడి బిగిసిపోవు వ్యాధి రాకపోయెను. ఒకే దేశములో ఒకచోట మందలు సెలీనియము ఎక్కువై, మఱియొకచోట తక్కువై బాధపడుచుండె నన్నమాట.

మూడు వస్తువులు ఒకదానికి బదులుగా ఒకటి పనిచేయుటలోని మర్మము 1973లో విడెను. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అను ఎంజైములో సెలీనియము అంతర్భాగమని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు నిరూపించిరి. విటమిన్ ఇని తప్పించుకొని పుట్టిన పెరాక్సైడులను ఈ ఎంజైము హానిలేని పదార్థములుగా మార్చును. ఆ పనికి కావలసిన గ్లూటాథయోన్ తయారగుటకు సిస్టీన్ అవసరము.

శాస్త్రము ఒప్పుకొన్నను చట్టము ఒప్పుకొనలేదు. క్యాన్సరు కలిగించు వస్తువును ఆహారములో చేర్చరాదని 1958 నాటి అమెరికా శాసనము. ఎలుకల కంతులు అడ్డుతగిలెను. 1974లో గాని కోళ్ళ, పందుల మేతకు అనుమతి రాలేదు. అదియు కిలోకు 0.1 మిల్లీగ్రాము, అనగా టన్నుకు గ్రాములో పదవవంతు. పదునేడేండ్ల ఆలస్యము దీర్ఘమే యైనను వట్టి మొండితనమని త్రోసివేయ వీలులేదు. కిలోకు 5 మిల్లీగ్రాములు దాటిన మేతను చాలకాలము తినినచో పాత క్షారరోగమే వచ్చును. అందుచేత మేత కర్మాగారములలో సెలీనియమును నేరుగా వేయక, ముందు కొంత పిండితో బాగుగా కలిపి, పిదప ఆ మిశ్రమమును మేతలో కలుపుదురు. 2009 ఏప్రిలులో ఫ్లారిడాలో పోలో ఆటకు తెచ్చిన 21 గుఱ్ఱములకు సూదిద్వారా ఎక్కించిన పుష్టిమందులో సెలీనియము పాలు తప్పుగా కలిసియుండెను. అవన్నియు కొద్దికాలములోనే కూలి చనిపోయెను.