బ్లూ బ్యాడ్జ్

నడక కష్టమైన వికలాంగులు, దీర్ఘరోగులు గమ్యానికి దగ్గరలో బండి నిలుపుకోవడానికి బ్రిటన్‌లో ఇచ్చే కార్డు. పార్లమెంటు సభ్యుడు ఆల్ఫ్ మోరిస్ ప్రైవేటు బిల్లుగా తెచ్చిన 1970 నాటి దీర్ఘరోగుల, వికలాంగుల చట్టం దీనికి మూలం. 1971లో నారింజ రంగు కార్డుగా మొదలై, 2000లో యూరప్ నమూనాకు తగ్గట్టు నీలంగా మారింది.

కార్డు మనిషిదే గాని కారుది కాదు. బంధువుల బండిలో వెళ్లినా, టాక్సీలో వెళ్లినా చెల్లుతుంది. ఇంగ్లండ్‌లో పసుపు గీతలున్న చోట, సరుకు ఎత్తి దించడంపై ఆంక్షలు లేకపోతే, 3 గంటల వరకు ఆపుకోవచ్చు. వచ్చిన వేళ చూపే గడియారపు అట్టను కార్డు పక్కనే పెట్టాలి. స్కాట్లాండ్‌లో ఈ గంటల లెక్క లేదు.

రోగం పేరు చూసి కార్డు ఇవ్వరు. అది కదలికను ఎంత దెబ్బతీసిందన్నదే ప్రధాన కొలమానం, చిక్కంతా అక్కడే. ఊపిరితిత్తుల జబ్బుతో నాలుగడుగులకే ఆయాసపడే మనిషి కారులో కూర్చున్నంతసేపూ ఆరోగ్యవంతుడిలాగే కనిపిస్తాడు. దిగగానే దారినపోయేవాళ్లు అనుమానంగా చూస్తారు. ఇంగ్లండ్‌లో 2019 ఆగస్టు 30 నుంచి పైకి కనిపించని వైకల్యాలనూ నిబంధనల్లో స్పష్టంగా చేర్చారు. కార్డుదారు వెంట లేకుండా ఇంట్లోవాళ్లు తమ పనికి వాడుకుంటే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు.