గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: జనసమూహాల వారీగా తేడాలు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ (సర్వైకల్ క్యాన్సర్) దేశాన్ని, ప్రాంతాన్ని, మతాన్ని, ఆదాయాన్ని బట్టి హెచ్చుతగ్గులు బాగా కనిపించే వ్యాధి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో సుమారు 6.6 లక్షల కొత్త కేసులు, దాదాపు 3.5 లక్షల మరణాలు నమోదయ్యాయి. ఇందులో భారత్ వాటా 1.27 లక్షల కేసులు, సుమారు 80 వేల మరణాలు. వయసు సవరించిన రేటు ఎస్వాతినిలో లక్ష మంది స్త్రీలకు 95 దాకా ఉండగా, పశ్చిమాసియాలో సగటున 5 లోపే.

తొలి పరిశీలనలు

ఈ చర్చను సాధారణంగా ఇటలీ వైద్యుడు రిగోని-స్టెర్న్‌తో మొదలుపెడతారు. వెరోనా నగరపు 1760–1839 నాటి మరణాల లెక్కలను ఆయన 1842లో విశ్లేషించాడు. సన్యాసినుల్లో గర్భాశయ క్యాన్సర్ అరుదని, రొమ్ము క్యాన్సర్ ఎక్కువని తేల్చాడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అయితే ఆయన లెక్కల్లో ముఖద్వారం, గర్భాశయం వేరుగా లేవు. 1991లో ఆ పట్టికలను తిరిగి పరిశీలించిన పరిశోధకుడు గ్రిఫిత్స్, ఆయన పేరిట చలామణీ అవుతున్న నిర్ధారణకు అవి అంత బలమివ్వవని వాదించాడు. ఈ అభ్యంతరమే సమంజసంగా తోస్తుంది.

యూదు స్త్రీలలో ఈ వ్యాధి తక్కువని 20వ శతాబ్దారంభంలో న్యూయార్క్ వైద్యులు గమనించారు. అందుకు సుంతీయే కారణమన్న వాదన తర్వాత చాలాకాలం నడిచింది. ఈ వ్యాధికి కారణమైన హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) సుంతీ అయిన పురుషుల్లో తక్కువని 2002 నాటి బహుళదేశ అధ్యయనం చూపింది కనుక ఆ వాదనను పూర్తిగా తోసిపుచ్చలేం. అయినా అదొక్కటే కారణమనడానికి ఆధారం చాలదు.

భారతదేశం

1963లో ఏర్పడి, 1964 నుంచి గణాంకాలిస్తున్న బొంబాయి క్యాన్సర్ రిజిస్ట్రీ మతాల వారీ తేడాలను నమోదు చేసింది. హిందూ స్త్రీలలో రేటు ఎక్కువ, ముస్లింలలో తక్కువ, పార్సీలలో మరీ తక్కువ. పార్సీలలో రొమ్ము క్యాన్సర్ మాత్రం ఎక్కువ. పెళ్లి వయసు, కాన్పుల సంఖ్య, చదువు, ఆదాయం కూడా మతంతోపాటే మారతాయి కాబట్టి, ఈ తేడాలో మతాచారం వాటా ఎంతో విడదీయడం కష్టం. 2012–16 లెక్కల్లో అరుణాచల్‌లోని పాపుమ్ పరే రేటు లక్షకు 27 దాటగా, పొరుగునే ఉన్న అస్సాంలోని డిబ్రూగఢ్‌లో 5 లోపే.

హారంలోని చిక్కు

గర్భసంచి తొలగించాక, సాధారణంగా దానితోపాటు ముఖద్వారమూ పోతుంది. రిజిస్ట్రీల మామూలు రేట్లు మాత్రం అలాంటి స్త్రీలను కూడా జనాభాలో కలిపి లెక్కిస్తాయి. అమెరికాలో 2017లో వెలువడిన అధ్యయనంలో వారిని మినహాయించే సవరణ చేసి చూస్తే నల్లజాతి స్త్రీల మరణాల రేటు లక్షకు 5.7 నుంచి 10.1కి, శ్వేతజాతీయులది 3.2 నుంచి 4.7కు పెరిగింది. తెలుగు రాష్ట్రాలకు ఇది ముఖ్యమైన హెచ్చరిక. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగింపు దేశ సగటు 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. కనుక ఇక్కడి రేట్లు తక్కువగా కనిపిస్తే, దాన్ని తక్కువ ప్రమాదంగా చదవడానికి ముందు ఈ సవరణ అవసరం.

కారణాలు

1983లో హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం హెచ్‌పీవీ 16వ రకాన్ని గుర్తించాక చర్చ ఆచారాల నుంచి వైరస్ వైపు మళ్లింది. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించింది. హైదరాబాద్ కణితులపై 2005లో వెలువడిన అధ్యయనంలోనూ 16వ రకమే ప్రధానం. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు ముప్పు సుమారు ఆరు రెట్లు. ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతంలోని అధిక రేట్లకు ఇదొక పెద్ద కారణం. అమెరికాలో 1988–92 మధ్య వియత్నాం మూలాల స్త్రీలలో రేటు లక్షకు 43, జపాన్ మూలాల వారిలో 6 లోపే. ‘ఆసియా స్త్రీలు’ అని ఒకే గాటన కట్టడం ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది.

తేడాలను నిలబెట్టేది ప్రధానంగా ముందస్తు పరీక్షల్లోని (స్క్రీనింగ్) అసమానతే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 ఏళ్ల భారతీయ స్త్రీలలో ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవారు సుమారు 2 శాతం. తమిళనాడులో దాదాపు 10 శాతం.

టీకా అనంతరం

12–13 ఏళ్లకే హెచ్‌పీవీ టీకా పొందిన స్కాట్లాండ్ యువతులలో ఈ క్యాన్సర్ ఒక్కటీ నమోదు కాలేదని 2024లో ప్రకటించారు. అన్ని వర్గాలకూ టీకా, పరీక్షలు సమానంగా అందకపోతే పాత తేడాలే కొత్త తరంలోనూ కొనసాగే అవకాశం ఉంది.